చప్పట్లు కొట్టిన సోమవారం

పోయిన వారం మనం పెద్ద మేడమ్‌ని డీప్ ఫ్రీజర్ ముందు, తడిసిన నేల మీద, చేతిలో కరిగిపోయిన సీసాతో వదిలేసి వచ్చాం. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉందనుకునేరు. మనిషి ఎంత దెబ్బ తిన్నా మర్నాడు లేచి పళ్లు తోముకోక తప్పదు, పనికి పోక తప్పదు. ఆవిడకీ తప్పలేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పశువులకు వచ్చిన ఒక మాయదారి జబ్బు మీద పెద్ద మేడమ్ నడిపే ల్యాబ్ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. జబ్బుపడ్డ పశువుల ఒంట్లోంచి తీసిన కణాలను గడ్డకట్టించి పెద్ద ఫ్రీజర్లో దాచిపెట్టారు. జబ్బు తగ్గిపోయింది, మళ్లీ రాలేదు, అంచేత ఆ కణాలు మళ్లీ దొరికేవి కావు. మంగళవారం పొద్దున తలుపు తీస్తే అంతా నీళ్లు. ఫ్రీజర్ మోటారు సోమవారం మధ్యాహ్నం నుంచే మొరాయించిందని రిపేరు మనిషి తేల్చాడు. మోగాల్సిన అలారం ఎప్పుడో చెడిపోయింది, బాగుచేయించాలని అందరూ అనుకుంటూనే ఉన్నారు. మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆ సోమవారం ఫ్రీజర్ చూసే వంతు ఎవరిది? పిచ్చుకది.

పిచ్చుకంటే ఆ ల్యాబ్‌లో అందరికంటే చిన్న రీసెర్చ్ స్కాలర్. గొంతు పెదవి దాటి రాదు, అందుకని ఆ పేరు. చేతి పని మాత్రం బంగారం. వచ్చే నెల్లో విదేశంలో పెద్ద సంస్థకు వెళ్లాల్సిన పిల్ల, సీటు ఖాయమైపోయింది. ఇప్పుడు డబ్బిచ్చే సంస్థవాళ్లు విచారణకు వచ్చి కూర్చున్నారు. తప్పు పిచ్చుకదని రాస్తే ఆ సీటు గల్లంతే. అంతవరకూ వచ్చి ఆగాం.

విచారణ రోజు పొద్దున పెద్ద మేడమ్ భర్త టీ గ్లాసు ఆవిడ ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

"రాత్రి నిద్రలో ఏదో మాట్లాడావు."

"ఏమన్నాను?"

"నాకేం తెలుసు? పెద్ద భాషలో అన్నావు. ఎవర్నో మెచ్చుకుంటున్నట్టుంది."

ఆవిడ టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుంది. మెచ్చుకోవడానికి ఏముంది కనుక?

ఆ ఇంట్లోనూ, ఆ ల్యాబ్‌లోనూ దాన్ని పెద్ద భాష అనే అంటారు. సైన్సు పత్రికలు అచ్చయ్యేది అందులో. సమావేశాల్లో మాట్లాడేది అందులో. ఉద్యోగం ఇచ్చేదీ, ఊడబీకేదీ అందులోనే. పుట్టుకతో వచ్చినవాళ్లకు దాని బరువు తెలియదు. మిగిలినవాళ్లు సగం జీవితం అది నేర్చుకోవడానికి ధారపోసి, మిగిలిన సగంలో ఓపికుంటే సైన్సు చేసుకుంటారు.

పెద్ద మేడమ్ కథా అదే. వయసులో ఉండగా మొదటిసారి విదేశీ సమావేశానికి వెళ్లినప్పుడు, ఫలానా కణాలు ఎందుకు చస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు ఆ హాలు మొత్తం మీద ఆవిడకొక్కదానికే తెలుసు. లేచి నిలబడింది. నోట్లోంచి మాట పెగల్లేదు. తడబడింది, క్షమించమంది, కూర్చుంది. ఆ సాయంత్రమే ఆ జవాబు ఇంకొకాయన చెప్పాడు. ఆ భాష పుట్టుకతో వచ్చినాయన. ఇప్పటికీ పుస్తకాల్లో ఆయన పేరే ఉంది. ఆవిడ తిరిగొచ్చి గిన్నెలు తోముతూ, బస్సులో వెళుతూ, స్నానాల గదిలో, ఎక్కడ పడితే అక్కడ ఆ భాషే వల్లెవేసింది. పక్కింటివాళ్లు ఈవిడకేదో అయిందనుకున్నారు. చివరికి పట్టింది. ల్యాబ్ తన చేతికొచ్చాక పెట్టిన మొదటి నియమం సోమవారం. సోమవారం గేటు లోపల అడుగుపెట్టిందగ్గర్నుంచి అందరూ పెద్ద భాషే మాట్లాడాలి. మరిచిపోయి ఇంటి మాట నోరు జారినవాళ్లు అందరికీ టీ కాచాలి. భోజనాలయ్యాక అభ్యాసం గంట. కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒక్కొక్కరూ లేచి ఏదో ఒకటి మాట్లాడాలి. ఆ నియమాన్ని తిట్టుకున్నవాళ్లే తర్వాత దేశదేశాల్లో ఉద్యోగాల్లో చేరి, మీ పుణ్యమా అని నోరు తెరవగలిగాం మేడమ్ అని ఫోన్లు చేస్తుంటారు. కాబట్టి అది తిక్క నియమం అని తీసిపారేయడానికి లేదు.

ఆవిడ ల్యాబ్‌కి వెళ్లగానే పిచ్చుకను తన గదిలోకి పిలిపించింది. విచారణవాళ్లు అడిగేలోపు తను అడిగి తెలుసుకోవాలి. పిల్ల వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"కూర్చో."

"పర్లేదు మేడమ్."

"కూర్చోమంటున్నాను తల్లీ. తలెత్తి చూళ్లేక నా మెడ పడిపోతోంది."

పిచ్చుక కుర్చీ అంచున కూర్చుంది. కళ్ల కింద వాపు. రెండు రోజులుగా తిన్నట్టు లేదు.

"ఫ్రీజర్ వంతు నీది. చూశావా, చూడలేదా? చూడకపోతే చూడలేదని చెప్పు. తిట్టను. నిజానికి తిట్టే ఓపిక కూడా లేదు నాకు."

"చూశాను మేడమ్."

పెద్ద మేడమ్ ఆ జవాబు కోసం సిద్ధపడి లేదు. "ఎప్పుడు?" అంది.

"మధ్యాహ్నం, భోజనాలయ్యాక. అంకెలు పైకి ఎక్కుతున్నాయి. చెయ్యిపెట్టి చూశాను, తలుపు అంచంతా చెమ్మగా ఉంది."

"చూసి ఏం చేశావ్?"

"చెప్పాను."

"ఎవరికి చెప్పావే?"

పిచ్చుక తలెత్తి ఆవిడ వంక చూసింది. "మీకే మేడమ్."

పెద్ద మేడమ్‌కి నవ్వు వచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. "నాకా? నాకు చెబితే నేను చేతులు కట్టుకుని కూర్చుంటానా? ఆ కణాలు నాకేమిటో నీకు తెలీదూ? అబద్ధమాడినా కాస్త అతికేలా ఉండాలి."

"అబద్ధం కాదు. అభ్యాసం గంటలో చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు."

గది బయట సెంట్రిఫ్యూజ్ గుర్రుమని తిరుగుతోంది. ఎవరో దాన్ని ఆపేశారు. ఆ చప్పుడు పూర్తిగా అణిగేసరికి పెద్ద మేడమ్‌కి గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి.

అభ్యాసం గంటలో ఎవరూ నిజాలు చెప్పరు. నా మైక్రోస్కోపు కింద ఏనుగు కనబడింది, నా ఎలుకలు సమ్మె చేస్తున్నాయి, ల్యాబ్‌లోకి వరద వచ్చింది, ఇలాంటివి కల్పించి చెబుతారు, నవ్వుకుంటారు. పిచ్చుక చేరిన నాటినుంచీ తనంతట తాను ఎన్నడూ లేవలేదు. బలవంతంగా లేపితే నీళ్లు నమిలి కూర్చునేది. ఆ సోమవారం ఆలస్యంగా వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, తడి చెయ్యి కోటుకు తుడుచుకుని, ఎవరూ అడగకుండానే పెద్ద భాషలో గడగడా చెప్పేసింది. పెద్ద ఫ్రీజర్ వేడెక్కుతోంది, లోపల ఉన్నవన్నీ చచ్చిపోతాయి, దయచేసి ఎవరైనా తొందరగా రండి అంది. ఒక్క తప్పు లేదు.

వెంటనే ఎవరో "పిచ్చుకకు నోరొచ్చిందిరోయ్" అన్నారు, ఇంటి భాషలోనే, టీ సంగతి మరిచిపోయి. పెద్ద మేడమ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్ల కష్టం ఫలించిందనుకుంది. ఆ భయం ఎంత సహజంగా పలికింది పిల్ల, నటనంటే ఇలా ఉండాలి అని మురిసిపోయింది. లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, గడ్డం పైకెత్తి, "చాలా బాగుంది. ఇంకోసారి చెప్పు. వెనకవాళ్లకు కూడా వినబడాలి" అంది. పిచ్చుక మళ్లీ చెప్పింది, ఇంకా గట్టిగా, దాదాపు అరిచినట్టుగా. చప్పట్లు మారుమోగిపోయాయి. మొదట కొట్టింది ఎవరో పెద్ద మేడమ్‌కి బాగా తెలుసు.

"మన భాషలో ఒక్క కేక వేయొచ్చు కదే" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "కరిగిపోతోంది మేడమ్, రండి అని ఒక్క మాట అంటే..."

"మీరే చెప్పారు కదా మేడమ్. ప్రాణం మీదికొచ్చినా సోమవారం సోమవారమే అన్నారు. రేపు నువ్వు పరాయి దేశంలో ఉంటే, నీ కోసం అక్కడెవరూ నీ భాష నేర్చుకుని కూర్చోరు అన్నారు."

అన్న మాట నిజమే. ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్లందరికీ అదే అంటుంది.

"మొదటిసారి చెప్పగానే మీరు లేచి వచ్చారు" అంది పిచ్చుక. "అర్థమైందనుకున్నాను. ఎవరో ఒకరు వెళతారులే అనుకున్నాను. చిన్న సారు బయటికి వెళ్లారు కూడా. ఫ్రీజర్ దగ్గరికే అనుకున్నాను. తర్వాత టీ పట్టుకుని వచ్చారు."

"మరి నువ్వు మళ్లీ వెళ్లి చూసుకోలేదేం?"

పిచ్చుక వేళ్లు ముడుచుకుంది, విప్పుకుంది.

"సంతోషంగా ఉండింది మేడమ్" అంది చివరికి. "అందరూ అంతలా మెచ్చుకున్నారు కదా. మీరు నన్నెప్పుడూ అలా చూడలేదు. సాయంత్రం దాకా అదే తలుచుకుంటూ తిరిగాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఇవాళ నేను మాట్లాడానమ్మా, అందరూ చప్పట్లు కొట్టారు అని. ఫ్రీజర్ సంగతి మీరు చూసుకునే ఉంటారనుకున్నాను. మళ్లీ చూడకపోవడం నా తప్పే. అది నేను ఒప్పుకుంటాను."

పెద్ద మేడమ్‌కి ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. ఈ పిల్ల గట్టిగా ఏడ్చినా బాగుండేది, మీదపడి అరిచినా బాగుండేది. తనకు ఇష్టమైనవన్నీ ఆ మధ్యాహ్నం చచ్చిపోతుంటే, అవి చస్తున్నాయని చెప్పిన పిల్లకు ఉచ్చారణ నేర్పుతూ నిలబడింది. ఇన్నేళ్ల చదువూ, ఇన్నేళ్ల పేరూ పెట్టుకుని సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తలుపు మీద రెండుసార్లు తట్టి చిన్న సారు లోపలికి వచ్చాడు. చిన్న సారు అంటే వయసులో చిన్నేం కాదు, బట్టతల కూడా వచ్చేసింది. పెద్ద మేడమ్ తర్వాతవాడు కాబట్టి చిన్న సారు. ఆవిడ పదవి దిగాక ఆ కుర్చీ ఆయనదే అని అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. గోడకు చెవులున్నాయో, ఆయనకే ఉన్నాయో గానీ సంగతంతా విన్నట్టే ఉన్నాడు.

"అమ్మాయ్, వెళ్లి మొహం కడుక్కో. పిలుస్తారు" అన్నాడు. పిచ్చుక వెళ్లాక తలుపు దగ్గరగా వేశాడు. "మేడమ్, ఈ మాట ఈ గది దాటకూడదు."

"మీరూ ఉన్నారుగా ఆ రోజు. మీకు గుర్తుందా?"

"నేను టీ కాచాను. అదే గుర్తుంది."

"మిగతావాళ్లు?"

"అడిగాను. ఎవరికీ గుర్తు లేదు."

"గుర్తు లేదా, లేదంటున్నారా?"

"ఏదైతేనేం మేడమ్?" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనా అలిసిపోయే ఉన్నాడు పాపం, చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. "విచారణకు వచ్చినవాళ్లకు కావలసింది ఒక కారణం. ల్యాబ్ పెద్దే విని చప్పట్లు కొట్టిందని తెలిస్తే వీళ్లు ల్యాబ్ మూసేస్తారు. ఇక్కడ ఇంతమంది పొట్టలు కొట్టినట్టవుతుంది. అదే పిల్ల చూడటం మరిచిపోయిందనుకోండి, చిన్నపిల్ల, పొరపాటు అని రాసుకుని వెళ్లిపోతారు."

"దాని సీటు?"

"పోతుంది. ఇంకో ఏడు ఇంకోటి చూసుకుంటుంది. చిన్న వయసు మేడమ్, ఎక్కడైనా బతికేస్తుంది. మీరు బతకగలరా?"

ఆవిడ బల్ల మీది కాగితాలు దొంతరగా సర్దింది.

"మీరేమీ అబద్ధం ఆడక్కర్లేదు" అన్నాడు చిన్న సారు మెత్తగా. "మంగళవారం పొద్దున చూశానని చెప్పమని ఆ పిల్లతో నేను మాట్లాడతాను. మీరు ఊరికే ఉంటే చాలు."

ఇన్ని వారాలుగా పెద్ద మేడమ్ మంచిదని మనం చెప్పుకుంటూ వచ్చాం. మంచిదే, కాదని ఎవరన్నారు? కానీ ఆ పూట ఆవిడ ఊరికే ఉంది. వద్దనలేదు, సరేననలేదు. కిటికీలోంచి సైకిళ్లు పెట్టుకునే షెడ్డు వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆ షెడ్డు పక్కనే చిన్న సారు, పిచ్చుక నిలబడి మాట్లాడుకోవడం కనిపించింది. ఆయన చేతులూపుతూ చెబుతున్నాడు. పిల్ల తలవంచుకుని వింటోంది. ఒకసారి తలాడించింది. పెద్ద మేడమ్ కిటికీ తెర లాగేసింది.

విచారణ మీటింగు హాల్లో. వచ్చింది ఇద్దరు, ఒక ముసలావిడ, ఆవిడ పక్కన రాసుకోవడానికి ఒక కుర్రాయన. ఇద్దరికీ పెద్ద భాష తప్ప ఇంకోటి రాదు. ముసలావిడ మంచిదానిలాగే ఉంది, అందర్నీ కూర్చోమంది, నీళ్లు ఇప్పించింది. మిగతా స్కాలర్లందరినీ బయట ఉండమన్నారు. లోపల పెద్ద మేడమ్, చిన్న సారు, పిచ్చుక మిగిలారు.

"ఆ రోజు ఫ్రీజర్ చూడాల్సింది మీరే కదమ్మా. ఏం జరిగిందో చెప్పండి" అంది ముసలావిడ.

పిచ్చుక లేచి నిలబడింది. "నేను మా భాషలో చెప్పవచ్చా?" అంది. ఆ మాట మాత్రం పెద్ద భాషలోనే అడిగింది, ఎక్కడా తడబడకుండా.

"తప్పకుండా. ఏ భాషలో సులువైతే అందులోనే చెప్పండి." ముసలావిడ పెద్ద మేడమ్ వైపు తిరిగింది. "మీరు మాకు అనువదించి పెడతారా? ఈ భాష మీ అంత బాగా మాట్లాడేవాళ్లను నేను ఈ దేశంలో చూడలేదు."

చిన్న సారు కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు. ఆయనకు ఊపిరి ఆడినట్టయింది. పిల్ల మాట తడబడినా మేడమ్ సర్దుతుందిలే అని ఆయన ధైర్యం.

"ఎందుకమ్మా?" అంది పెద్ద మేడమ్, ఇంటి భాషలో, పిల్లకు మాత్రమే వినబడేంత మెల్లగా. "నీకు వచ్చుగా."

"వచ్చు మేడమ్. కానీ ఆ భాషలో చెబితే ఎలా చెప్పానో చూస్తారు. ఏం చెప్పానో చూడరు."

ఆ తర్వాత పిచ్చుక ముసలావిడ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"సోమవారం మధ్యాహ్నమే చూశాను. చూసిన వెంటనే వచ్చి మేడమ్‌కి రెండుసార్లు చెప్పాను. మేడమ్ బాగా చెప్పావని చప్పట్లు కొట్టారు. ఇవాళ పొద్దున సారు నన్ను మంగళవారం చూశానని చెప్పమన్నారు. అలాగే అన్నాను కానీ, చెప్పలేకపోతున్నాను."

రాసుకునే కుర్రాయన కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ముసలావిడ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆవిడకు అర్థమైంది ఒక్కటే, పిల్ల ఏదో కష్టమైన మాట చెప్పిందని.

"ఏమంటోంది?" అంది.

పెద్ద మేడమ్ చెమట పట్టిన అరచేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. ఆ మౌనం ఎక్కువైపోతోందని చిన్న సారుకు తోచింది కాబోలు, కుర్చీ కిర్రుమనేలా ముందుకు జరిగాడు.

"మేడమ్‌కి రెండు రోజులుగా ఒంట్లో బాగుండట్లేదు. నేను చెబుతాను" అన్నాడు పెద్ద భాషలో, నవ్వు ముఖంతో. "అమ్మాయి చాలా బాధపడుతోంది. మంగళవారం పొద్దున తలుపు తెరిచేదాకా తనకు..."

అతను ఏమంటున్నాడో పిచ్చుకకు ప్రతి మాటా అర్థమవుతోంది. అడ్డు చెప్పలేదు. అతని వైపు చూడను కూడా చూడలేదు. పెద్ద మేడమ్ వైపే చూస్తూ నిలబడింది.

"మీరు ఆగండి" అంది పెద్ద మేడమ్.

ఇంటి భాషలోనే అన్నా, ఆ మాట అర్థం కాని వాళ్లు ఆ హాల్లో ఎవరూ లేకపోయారు. చిన్న సారు నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ముసలావిడ అతన్నీ, ఆవిడనూ మార్చి మార్చి చూసి, కుర్రాయన రాస్తున్న కాగితం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఇద్దరిలో ఎవరు చెబుతారో నాకు అనవసరం" అంది. "అమ్మాయి ఏం చెప్పిందో అది కావాలి. అన్నది అన్నట్టుగా."

పెద్ద మేడమ్ బల్ల పట్టుకుని లేచింది. పిచ్చుక చెప్పిన ఆ నాలుగు మాటల్లో పెద్ద భాషలో తనకు రాని మాట ఒక్కటీ లేదు. ఆవిడ గొంతు సవరించుకుని, "ఆ అమ్మాయి అంటున్నదేమిటంటే" అని మొదలుపెట్టింది.